తీరజలములలో చిన్న పడవ
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



బేగంపేటనుండి వచ్చినవాడు మత్స్యకారుల గ్రామమున నిలిచి పడవను గూర్చి మాటలాడుట తాతకు దగ్గులు నేర్పినట్లే యుండును. ఆ సంగతి నేనెరుగుదును. మా బేగంపేట హైదరాబాదు నడిబొడ్డున, అమీర్‌పేట, పంజగుట్టల ప్రక్కన నున్నది. సముద్రము మాకు మిక్కిలి దగ్గరగా వచ్చు చోటికి కూడ కాకి పోవు దారిని 270 కిలోమీటర్లు కలదు. మేము నిత్యము చూచు పెద్ద నీరు హుస్సేన్ సాగరము ఒక్కటే. అయినను కార్యదర్శిగారు నన్ను పిలిచినందుకు ఒక కారణము లేకపోలేదు. సముద్రమును గూర్చిన వార్తలు నేడు సముద్రపు టొడ్డున మాత్రమే పుట్టుట లేదు. బేగంపేట విమానాశ్రయ ఆవరణమున వాతావరణ కేంద్రము కలదు. 2008లో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినను అది అక్కడనే నిలిచినది. అదే నగరమున ప్రగతినగర్‌లో భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము, అందరు ఇన్‌కాయిస్ అని పిలుచునది, ఉన్నది. అది 1999లో ఏర్పడినది. మీ తీరమునకు తుఫాను హెచ్చరికలు విశాఖపట్టణపు కేంద్రమునుండి వచ్చును. అలల ఎత్తు, చేపలు దొరకు తావులు, సునామీ హెచ్చరికలు ఇన్‌కాయిస్ నుండి వచ్చును. అలలు కంటికి కనబడని యూరిలో కూర్చుండి మీ అలలను లెక్కించుచున్నారన్నమాట.

ఆ లెక్కలు మీ గ్రామమునకు వచ్చి, ఈ గ్రంథాలయపు బల్లమీద అంటింపబడుచున్నవి. అంటించిన కాగితమును చదువుట ఒక పని. చదివిన అంకెను తన పడవకు, తన పడవకే, అన్వయించుకొనుట మరియొక పని. ఈ రెండవ పనిని గూర్చియే నేడు నేను చెప్పదలచినది.

ముందు పడవ మాట. మన తీరమున తరతరములుగా నడచినది తెప్ప. తేలిక కొయ్య దుంగలను చేర్చి మోకులతో బిగించుదురు. ఒడ్డునకు వచ్చిన పిదప విప్పి ఆరబెట్టుదురు. తెప్పకు కడుపు లేదు. అల మీద పడిన నీరు దుంగల సందులలోనుండి జారిపోవును. బోల్తాపడినను మునుగదు, దాని మీది మనుష్యులే దానిని మరల త్రిప్పి ఎక్కుదురు. అట్లే, పలకలను కొబ్బరి పీచు త్రాటితో కుట్టి కట్టిన పడవలు కూడ మన తీరమున ఉండెడివి. మేకులు లేవు, గట్టి పక్కటెముకలు లేవు. అల వచ్చి కొట్టినపుడు అవి వంగి, మరల యథాస్థితికి వచ్చెడివి. పాశ్చాత్య నావికులు వానిని చూచి ఆశ్చర్యపడిరి. ఆ సాధనములు చేసినవారు చదువుకొన్నవారు కారు. కాని ఒడ్డున విరుగు అలను గూర్చి వారికి తెలిసినంత తెలిసినవారు అరుదు.

1979లో మద్రాసు కేంద్రముగా ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థవారు బంగాళాఖాత కార్యక్రమమును ఆరంభించి, ఒడ్డున దిగుటకు వీలైన క్రొత్త పడవలను ఆంధ్ర తీరమున కూడ పరీక్షించిరి. తరువాతి సంవత్సరములలో ఫైబరు పడవలు, వానికి తగిలించు చిన్న మోటారులు వ్యాపించెను. నేడు మీ రేవున తెప్ప కంటె ఫైబరు పడవయే ఎక్కువ. నేను దానిని నిందింపను. తెడ్డు వేసి వేసి చేతులు కాయలు కాచినవారికి మోటారు ఎంతటి ఉపకారమో ఒడ్డున కూర్చున్నవాడు చెప్పనక్కర లేదు. కాని ఒక సంగతి గమనింపుడు. తెప్పకు కడుపు లేదంటిని. పడవకు కడుపు కలదు. తెప్పపై పడిన నీరు పోవును. పడవలో పడిన నీరు ఉండును. పడవ మారినది గాని, తెప్ప మీద పెరిగిన ధైర్యము మాత్రము మారలేదు. నా మాట సారమంతయు దాదాపు ఇందులోనే యున్నది.

ఆరు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు గల పడవలో పది సెంటీమీటర్లు, అనగా చీలమండ మునుగునంత, నీరు చేరినదనుకొందము. ముక్కు సన్నగా నుండుటచేత కొంత తగ్గించి లెక్క చూచినను ఆ నీటి బరువు దరిదాపు 600 కిలోలు. పదిమంది మనుష్యులు పిలువకుండ వచ్చి పడవ ఎక్కినట్లు. ఆ పదిమందియు ఒక చోట కదలక కూర్చుండువారు కారు. పడవ ఎడమకు ఒరిగిన ఎడమకు, కుడికి ఒరిగిన కుడికి పరుగెత్తుదురు. ఒరిగిన ప్రక్కకే బరువు పోవుటచేత పడవ తిరిగి లేవలేదు. రెండవ అల వచ్చుసరికి అంచు నీటికి సమానమగును. మూడవ అలతో పని ముగియును. కనుక నీరు తోడు పాత్ర మోటారుకంటె ముఖ్యమైన వస్తువు. దానిని త్రాటితో పడవకు కట్టి ఉంచవలెను. కట్టకుండ ఉంచిన పాత్ర బోల్తాపడినపుడు అందరికంటె ముందుగా వెళ్లిపోవును.

ఫైబరు కొయ్యవంటిది కాదు, నీటికంటె బరువైనది. నీరు నిండిన పడవ తేలవలెనన్నచో లోపల గాలి గదులు మూసి ఉండవలెను, లేదా నీరు పీల్చని నురుగు పదార్థమును బల్లల క్రింద నింపవలెను. అమెరికాలో 20 అడుగులకు లోపున్న మోటారు పడవలు, కొన్ని రకములు తప్ప, నీటితో నిండినను తేలియుండునట్లు కట్టవలెనని నియమము కలదు. మన పడవలలో కొన్ని అట్లు కట్టినవి, కొన్ని కావు. కొన్నవాడు తెలిసికొనుటకు ఒక్కటే మార్గము: కాలువలో, నడుము లోతు నీటిలో, మోటారు తీసివేసి, దాని బరువుకు సరిపడు ఇసుక సంచి కట్టి, పడవను నీటితో నింపి చూచుట. తేలెనా, మట్టముగా తేలెనా, వెనుక భాగము మునిగి ముక్కు మాత్రము పైకి లేచెనా? ముక్కు మాత్రమే లేచినచో నలుగురు మనుష్యులు పట్టుకొనుటకు చోటు చాలదు. గాలి గదిలోనికి రంధ్రములు చేసి మేకులు దింపిన పడవలు కూడ కలవు. అట్టి గది పేరుకే గది.

ఇక అల్యూమినియము పడవ. దీనిని గూర్చి మీలో కొందరు యువకులు నన్ను వ్రాసి అడిగిరి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దేశములలో సరస్సులపై, నదులపై, తీరము దగ్గర చేపల వేటకు ఇది మిక్కిలి వాడుకలో నున్నది. ఆస్ట్రేలియావారు ముద్దుగా ‘టిన్నీ’ యందురు. తేలిక, ఇద్దరు మోయవచ్చును, రాతికి తగిలిన సొట్టపోవునే గాని ఫైబరువలె పగులదు. కాని ఆ తేలికతనమే దాని దోషము కూడ. గాలి దానిని ఆకువలె త్రిప్పును. అడుగు చదునుగా నున్నచో చిన్న అలకే దబదబ కొట్టును. రేకులు బిగించిన రివిట్లు కాలక్రమమున వదలి నీరు కారును. ఉప్పునీటిలో ఇంకొక చిక్కు: ఇత్తడి మర, రాగి తీగ, కడకు ఒక రాగి నాణెము అడుగున తడిలో పడియున్నను, ఆ రెండు లోహముల నడుమ విద్యుత్తు పుట్టి అల్యూమినియము తినివేయబడును. అందుకే సముద్రపు పడవలకు మెగ్నీషియము కలిపిన ప్రత్యేక మిశ్రమమును వాడుదురు. జింకు దిమ్మ నొకదానిని తగిలించి, తినివేత దాని వంతు అగునట్లు చేయుదురు. రాగి కలిసిన రంగు దానికి పూయరాదు. లోహపు పడవ పిడుగును పిలుచునా యని ఒకరు అడిగిరి. పిడుగు లోహమును వెదకదు, ఎత్తును వెదకును. చదునైన నీటిమీద పడవ ఏదైనను అందులో నిలిచిన మనిషియే ఎత్తు. వేసవి మధ్యాహ్నము వడమట నల్లని మేఘము లేచినపుడు వలను గూర్చి ఆలోచింపక ఒడ్డునకు రావలెను. నా అభిప్రాయము అడిగినచో, మన ఒడ్డున అలలలో నిత్యము దింపి లాగు పనికి అల్యూమినియముకంటె మంచి ఫైబరు పడవయే తగినది. వెనుకనున్న కాలువలకు, ఉప్పుటేరులకు అల్యూమినియము చక్కగా పనిచేయును.

ఏ పడవ అయినను బరువు ఎక్కడ పెట్టితిమన్నది చూడవలెను. చిన్న పడవలో వెనుకటి పలక, మోటారు తగిలించు చోటు, అన్నిటికంటె తక్కువ ఎత్తున ఉండును. మోటారు అక్కడనే, నడుపువాడు అక్కడనే, పెట్రోలు డబ్బా అక్కడనే. దానిపై తడిసిన వలను కూడ వెనుకనే పోసినచో అలకు తలుపు తెరచినట్లే. లంగరును వెనుకనుండి ఎన్నడును వేయరాదు. వల అడుగున చిక్కుకొన్నపుడు వెనుకనుండి మోటారు బలముతో లాగుట ఇంకను అపాయము. వెనుక భాగము క్రిందికి వంగి, ఒక్క అలతో నిండిపోవును. ముక్కునకు కట్టి లాగవలెను. రాకున్నచో కోయవలెను. వల వెల నాకు తెలియదనుకొనకుడు. తెలిసియే చెప్పుచున్నాను.

ఇప్పుడు అల మాట. కాగితముమీద ‘అల ఎత్తు 1.5 మీటరు’ అని యుండును. చదివినవాడు ఏ అలయు ఒకటిన్నర మీటరు దాటదని తలచును. అది పొరపాటు. ఆ అంకె, వచ్చు అలలలో పెద్దవైన మూడవ వంతు అలల సగటు. సగటు అనగా దానికి మించినవి కూడ ఉన్నవని అర్థము. ఎనిమిది సెకండులకు ఒక అల చొప్పున మూడు గంటలలో వేయికి పైగా అలలు పడవ క్రిందుగా పోవును. ఆ వేయింటిలో ఒకటి దరిదాపు రెట్టింపు, అనగా మూడు మీటర్లకు కొంచెము తక్కువగా, ఉండుట సహజము. అది అద్భుతము కాదు, ఉత్పాతము కాదు, లెక్కలో ఉన్నదే. ఏడవ అల పెద్దదని, తొమ్మిదవది పెద్దదని లోకమున అనుకొందురు. సంఖ్య నిశ్చయము కాదు గాని పెద్ద అలలు గుంపుగా వచ్చునన్న మాట మాత్రము నిజము.

ఎత్తు ఒక్కటే చాలదు. ఎత్తైన అల విశాలముగా ఉన్నచో పడవ దాని మీదుగా ఎక్కి దిగును. అదే ఎత్తు ఇరుకుగా, గోడవలె నిలువుగా నున్నచో, లేదా తల విరిగి తెల్లని నురుగుతో పడుచున్నచో, అది వేరు జాతి. 1979 ఆగస్టులో ఇంగ్లండు దగ్గర ఫాస్ట్‌నెట్ అను తెరచాప పడవల పందెమున తుఫాను వచ్చి పదునైదుగురు పందెగాండ్రు మరణించిరి. తరువాత అక్కడి శాస్త్రజ్ఞులు నమూనా పడవలను తొట్టెలో ఉంచి పరీక్షించిరి. పడవ పొడవులో నూటికి 30 వంతుల ఎత్తుగల విరుగు అల ప్రక్కనుండి తగిలినచో కొన్ని బోల్తాపడెను. నూటికి 60 వంతులైనచో దాదాపు అన్నియు పడెను. అవి బరువైన అడుగు గల పడవలు. మన పడవకు ఆ బరువు కూడ లేదు. ఆరు మీటర్ల పడవకు నూటికి 30 వంతులనగా 1.8 మీటరు. ఒక మనిషి ఎత్తు. ఆ పరీక్షలలో ఇంకొకటి కూడ తేలెను: అదే అల ముక్కు మీద తగిలినచో అంత భయము లేదు. పడవ అలకు ప్రక్క చూపరాదన్న మీ పెద్దల మాట ఇదే.

ఈ అంకెను చేత పట్టుకొని హెచ్చరికను చూతము. వాతావరణ శాఖవారు మత్స్యకారులకు హెచ్చరిక ఇచ్చుటకు కొన్ని హద్దులు పెట్టుకొనిరి. గాలి గంటకు 45 కిలోమీటర్లకు మించునపుడు, సముద్రము ‘మిక్కిలి అల్లకల్లోలము’గా ఉండునపుడు, అనగా అలలు నాలుగు మీటర్లు గాని అంతకు మించి గాని లేచునపుడు, వేటకు పోవలదందురు. ఆ హద్దు అన్ని పడవలకును కలిపి పెట్టినది. పెద్ద మరపడవలును అందులో ఉన్నవి. మీ పడవకు అపాయము రెండు మీటర్లలోపుననే ఆరంభమైనది గదా! రెండునుండి నాలుగు మీటర్ల వరకు రేడియోలో ఏ హెచ్చరికయు వినబడకపోవచ్చును. హెచ్చరిక లేదు కనుక పోవచ్చునని చిన్న పడవవాడు అనుకొన్నచో, పెద్ద పడవకు కుట్టిన చొక్కాను తాను తొడుగుకొన్నట్లే. ఓడరేవులలో ఎగురవేయు ఒకటి మొదలు పదునొకండు వరకు గల ప్రమాద సూచికల సంగతియు ఇంతే. అవి ఓడలకొరకు పుట్టినవి. మూడవ నంబరు ఎగిరినది, ఇంకను ఎనిమిది కలవు గదా యని నవ్వువారిని నేను చూచితిని. మూడవ నంబరు అర్థము, రేవునకు ఈదురుగాలి భయమున్నదని. చిన్న పడవకు అదియే పదునొకండవది.

ఈ లోటును గుర్తించియే ఇన్‌కాయిస్‌వారు గడచిన కొద్ది సంవత్సరములనుండి చిన్న పడవలకు వేరుగా సూచనలు ఇచ్చుచున్నారు. అల ఎత్తు, అల నిటారుతనము, అలలు ఎన్ని దిక్కులనుండి వచ్చుచున్నవి, గాలి ఎంత హఠాత్తుగా లేచుచున్నది, పడవ వెడల్పు ఎంత, ఇవియన్నియు కలిపి పడవ బోల్తాపడుటకు అవకాశమున్న తావులను పది దినములు ముందుగా చూపుదురు. ఏడు మీటర్ల వెడల్పు వరకు గల పడవలన్నియు దానిలోనికి వచ్చును. తెలుగు చదువ వచ్చిన పిల్లవాడు దీనిని చూచి ఈ బల్లమీద వ్రాయగలడు. వ్రాయునపుడు అల ఎత్తుతోపాటు రెండు అలల నడుమ వ్యవధిని కూడ వ్రాయవలెను. అది విడువరాదు. ఏలయనగా, గాలి లేని దినమున కూడ అలలు రావచ్చును. దక్షిణ మహాసముద్రమున, భూమధ్యరేఖకు ఎంతో దిగువన, లేచిన తుఫాను అలలు కొన్ని దినములు ప్రయాణము చేసి మన దేశపు తీరమునకు చేరును. కేరళలో దానిని కల్లక్కడల్ అందురు, దొంగ సముద్రమని అర్థము. లోతు నీటిలో అది ఉన్నట్లే తెలియదు. ఒడ్డునకు వచ్చునప్పటికి ఎత్తై విరుగును. వ్యవధి పదునైదు సెకండులకు మించినచో ఆకాశము ఎంత నిర్మలముగా నున్నను ఒడ్డున జాగ్రత్త పడవలెను.

చిన్న పడవకు గండము నడి సముద్రమున కంటె మొగ దగ్గరనే ఎక్కువ. అల ఎత్తునకు ఒకటింబావు రెట్ల లోతు వచ్చుసరికి అది విరుగును. ఒకటిన్నర మీటరు అల సుమారు రెండు మీటర్ల లోతున విరుగునన్నమాట. ఏటి మొగలన్నింటను ఇసుక తిప్పలు ఉండును. గోదావరికి అంతర్వేది వద్ద, ఓడలరేవు వద్ద, భైరవపాలెము వద్ద, కృష్ణకు హంసలదీవి వద్ద ఇదే కథ. వరద తరువాత తిప్ప చోటు మారును. నిరుటి త్రోవ ఈ యేడు త్రోవ కాదు. ఆటు వేళ ఏటినీరు బయటికి పారుచుండగా సముద్రపు అల ఎదురు వచ్చినచో, అల పొట్టిదై నిటారుగా లేచి విరుగును. అదే అల పోటు వేళ సాధువుగా వచ్చును. అమావాస్య, పౌర్ణమి దినములలో ఆ బలము హెచ్చు. ఇది మీకు నేర్పనక్కర లేదు. కాని మోటారు వచ్చిన తరువాత ఆటు పోటుల లెక్క చూడక, ఎప్పుడు పడిన అప్పుడు మొగ దాటు అలవాటు వచ్చినదని పెద్దలే నిన్న రేవున నాతో చెప్పిరి. తెడ్డు వేయువాడు నీటికి ఎదురు పోలేడు కనుక వేచియుండెను. మోటారు గలవాడు పోగలడు కనుక వేచియుండడు.

పోవునపుడు అలలు ఎదురుగా కనబడును; వచ్చునపుడు వెనుకనుండి వచ్చును. అందుచేత తిరుగు ప్రయాణమే కష్టము, పైగా పడవ నిండుగా ఉండును, మనుష్యులు అలసియుందురు, బేరగాండ్రు ఒడ్డున ఎదురుచూచుచుందురు. మొగ బయట ఆగి పదినిమిషములు చూడవలెను. పెద్ద అలల గుంపు పోయిన పిదప, ఒక అల వీపు వెనుకనే, దానిని దాటిపోకుండ, వెనుకటిదానికి చిక్కకుండ, అదే వేగమున రావలెను. దాటిపోయినచో ముక్కు ముందరి పల్లములో గ్రుచ్చుకొని పడవ అడ్డము తిరుగును. ముక్కు దగ్గరి బరువును నడుమకు తేవలెను. నడుమ దారిలో మనసు మార్చుకొని వెనుకకు త్రిప్పుట అన్నింటికంటె చెడ్డది. లోపలికి రాలేమనిపించినచో బయటనే లంగరు వేసి పోటుకొరకు నిలుచుట పిరికితనము కాదు. బోల్తాపడినచో పడవను విడువరాదు. ఒడ్డు కనబడుచున్నది గదా యని ఈదబోయిన గజఈతగాండ్రే తరచు పోవుదురు. పడవను పట్టుకొన్న ఈత రానివారు బ్రతుకుదురు.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనను మీ పెద్దలు మరువలేదు. నేను చెప్పదలచినది 1996 నవంబరు 6 నాటి తుఫాను. కాకినాడకు దక్షిణముగా కోనసీమ తీరమును రాత్రివేళ తాకినది. విస్తారములో చిన్నది, బలములో పెద్దది, త్వరగా పెరిగినది. అప్పటికి వేటకు పోయిన మరపడవలు అనేకము సముద్రముమీదనే ఉండెను. వేయిమందికి పైగా మరణించిరి. ఇంకను వేయిమందికి పైగా జాడ తెలియలేదు. వారిలో అధికులు మత్స్యకారులు. జాడ తెలియనివాడు అను మాట ఎంత భయంకరమైనదో వాని ఇంటివారికే తెలియును. ఏడు సంవత్సరములు వినబడనివానినే మరణించినవానిగా భావింపవచ్చునని మన సాక్ష్య చట్టము. ప్రభుత్వము ప్రత్యేకముగా దయచూపినను, ఫలానావాడు ఫలానా పడవలో ఆ దినమున పోయెనని ఎవరో ఒకరు చెప్పవలెను గదా. చెప్పగలవారును ఆ పడవలోనే పోయినచో?

నాటికిని నేటికిని వార్త చేరుటలో భేదము కలదు. ఉపగ్రహములు, రాడారులు, చేతిలో ఫోను వచ్చినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకుటకు ఎన్నో దినములు ముందుగనే దాని రాక తెలిసినది. అయితే ఒడ్డునుండి కొంత దూరము పోగానే ఫోను మూగవోవును. 2019లో వచ్చిన జెమిని అను పరికరము ఉపగ్రహమునుండి హెచ్చరికలను అందుకొని ఫోనుకు ఇచ్చును; కాని అది వినునే గాని పలుకదు. ఆపద తెలుపుటకు ఇస్రోవారి ఆపద సూచక పరికరము వేరుగా కలదు. 2024లో వచ్చిన రెండవ తరము దానిలో, మీ మొర అందినదని తిరుగు జవాబు కూడ వచ్చును. ఫోను పనిచేయు దూరములో నున్నచో కోస్తు గార్డువారి నంబరు 1554. ఇది పిల్లలకు కూడ కంఠస్థము కావలెను.

మోటారు ఆగినచో లోతు ఉన్నంతవరకు లంగరు వేసి నిలువవలెను. లోతునకు అయిదారు రెట్ల మోకు ఉన్నగాని లంగరు పట్టదు. రెండు తెడ్లు, త్రాగునీరు, టార్చి, ఈల, అద్దపు ముక్క, స్పార్కు ప్లగ్గు, ఇవి లేని పడవను దింపరాదు. లంగరు అందని చోట కొట్టుకొనిపోయినచో ఏ దిక్కునకు పోవుదురో కూడ ముందే తెలిసికొనవచ్చును. మన తీరమున ప్రవాహము ఫాల్గుణ చైత్రములలో ఉత్తరముగా, ఈశాన్యమువైపు, పారును. కార్తీక మార్గశిరములలో దక్షిణముగా, నైరృతివైపు, పారును. ఒడ్డున వెదకువారు దీనిని అడిగి తెలిసికొన్నచో సగము సముద్రమును వెదకు శ్రమ తప్పును. అయితే పడవ ఎప్పుడు, ఎటు పోయెనో తెలిసినపుడు మాత్రమే.

లైఫ్ జాకెట్టు మాట ఎత్తగానే సభలో చిరునవ్వులు కనబడుచున్నవి. ఉక్క, వల లాగుటకు అడ్డు, తోటివారు నవ్వుదురు. మూడును నిజములే. మా హుస్సేన్ సాగరమున ప్రతి సంవత్సరము వానకాలములో తెరచాప పడవల పందెములు జరుగును. దేశమున పేరొందిన పందెగాండ్రు వత్తురు. చుట్టును రోడ్లు, దీపములు, రక్షణ పడవలు. అయినను లైఫ్ జాకెట్టు తొడుగుకొననివానిని నీటిలోనికి పోనీయరు. చెరువులో వారు తొడుగుకొనుచుండగా సముద్రమున మనము మడిచి కూర్చుండు పీటగా వాడుచున్నాము. దినమంతయు తొడుగుకొనుడని నేను అనను. అట్లనినచో ఎవరును వినరు. మొగ దాటునపుడు రెండు మారులు, రాత్రివేళ, గాలి లేచినపుడు తొడుగుకొనుడు. చేతులకు అడ్డురాని సన్నని రకములు ఇప్పుడు దొరకుచున్నవి.

పోవలదని చెప్పుట సులభము. పోనిదినమున పొయ్యి వెలుగదు. మోటారు మీది అప్పునకు వడ్డీ ఆగదు. ఈ బాధను హైదరాబాదు కాగితములు ఎరుగవు. అందుకే నేను ‘వెళ్లకుడు’ అను మాటకంటె ‘చూచి వెళ్లుడు, తెలిపి వెళ్లుడు’ అను మాటనే నొక్కి చెప్పుచున్నాను.

తెలుపుట ఎవరికి? ఇక్కడనే గ్రంథాలయము పని కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలపై పడవ గ్రంథాలయమును నడిపించి, పుస్తకమును పడవ ఎక్కించిరి. మీరు పడవను పుస్తకములోనికి ఎక్కింపుడు. పుస్తకములు ఇచ్చి పుచ్చుకొనుటకు మీ కార్యదర్శిగారివద్ద ఒక రిజిష్టరు ఉన్నది. ఎవరు ఏ పుస్తకము ఎప్పుడు తీసికొనిరి, ఎప్పుడు తిరిగి ఇచ్చిరి, గడువు దాటినచో ఎవరి ఇంటికి మనిషిని పంపవలెను, అన్నియు అందులో కలవు. పది రూపాయల పుస్తకమునకు అంత కట్టుదిట్టము! అదే తీరున ఇంకొక రిజిష్టరు రేవున ఉంచవలెను. పడవ గుర్తు, ఎక్కినవారి పేర్లు, పోవు దిక్కు, తిరిగివచ్చు వేళ. వేళ దాటి మూడు గంటలైనచో ఫోను చేయవలసిన నంబరు పైన వ్రాసియే ఉండవలెను. వ్రాయుటకు రానివారి పేరు ఆడపిల్లలు వ్రాయుదురు. సాయంకాలము తిరిగి వచ్చినపుడు వారే కొట్టివేయుదురు. దీనికి డబ్బు అక్కర లేదు. ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు. పెన్సిలే మంచిది, కలముతో వ్రాసినది తడి తగిలిన చెరిగిపోవును.

కార్యదర్శిగారు ఒక మాట ప్రకటింపుమనిరి. రేపు ఉదయము ఏడు గంటలకు కాలువ రేవున, ఇందాక చెప్పిన నీటి పరీక్ష చేయుటకు ఇద్దరు పడవ యజమానులు తమ పడవలను ఇచ్చుటకు ఒప్పుకొనిరి. నీరు పోయుటకు బిందెలు, ఇసుకకు సంచులు తెచ్చుకొనవలెను. మోటారులు ముందుగనే విప్పి ఇంటివద్ద ఉంచి రండి.